జడ్జిగారికి పర్మనెంటు ఎవరిస్తారు?



గరివిడి చుట్టుపక్కల కుటుంబాలకు ‘పర్మనెంటు’ అనే మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఫేకర్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర వేడికి ఒళ్లు కాల్చుకున్న తండ్రులున్న ఇళ్లలో ఆ ఒక్క మాట పెండ్లి సంబంధాలను కుదిర్చింది, కుదిరినవాటిని చెడగొట్టింది కూడా. పర్మనెంటు కానివాడు మేస్త్రీ మాటకు ఎదురు చెప్పలేడు. యూనియన్ మీటింగుకు వెళ్లినా వెనుక వరుసలో నిలబడతాడు. అయినవాడు కాస్త తలెత్తి మాట్లాడతాడు. ఇద్దరి పనీ ఒకటే, ఇద్దరి గొంతూ ఒకటి కాదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను దగ్గరకు పిలిచారు. ఆయన మనవరాలు విశాఖపట్నంలో లా చదువుతున్నది. హైకోర్టులో అదనపు న్యాయమూర్తులు కొందరు శాశ్వత న్యాయమూర్తులుగా నియమితులయ్యారన్న వార్త ఆ పిల్ల చదివి వినిపించిందట. “ఏటి బాబూ, జడ్జీలకు కూడా పర్మనెంటు ఉంటాదేటి? ఎవులిస్తారు? అసెంబ్లీలో చేతులెత్తి ఒప్పుకుంటారా?” అని అడిగారు.

అడిగింది చిన్న ప్రశ్నే గాని, దాని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. అందులో మన తెలుగువారి పాత్ర కూడా ఎక్కువే. ఆ అరుగు మీద సగమే చెప్పగలిగాను. మిగిలినది ఈ నెల మీకందరికీ చెబుతున్నాను.

ముందు సూటి జవాబు చెప్పుకుందాము. మన దేశంలో హైకోర్టు న్యాయమూర్తిని శాసనసభ గాని పార్లమెంటు గాని ఓటు వేసి ఖాయం చేయదు. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. దానికి ముందు భారత ప్రధాన న్యాయమూర్తిని, రాష్ట్ర గవర్నరును, ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలి. పదేళ్లు హైకోర్టులో న్యాయవాదిగా గాని, పదేళ్లు న్యాయాధికారిగా గాని పనిచేసినవారే అర్హులు. 62 ఏళ్లకు పదవీ విరమణ. ఇక పెద్దాయన అడిగిన ‘పర్మనెంటు’ సంగతి 224వ అధికరణంలో ఉన్నది. హైకోర్టులో కేసులు పేరుకుపోతే రెండేళ్లకు మించని గడువుతో అదనపు న్యాయమూర్తులను నియమించవచ్చును. ఆ గడువు లోపల వారిని శాశ్వతం చేయాలి, లేదా పొడిగించాలి, లేదా ఇంటికి పంపాలి.

అసెంబ్లీలో చేతులెత్తడం మాట అటుంచండి. న్యాయమూర్తి తన విధి నిర్వహణలో ఎలా నడచుకున్నారన్నది రాష్ట్ర శాసనసభలో చర్చించడానికే వీలు లేదని 211వ అధికరణం చెబుతున్నది. మన ఎమ్మెల్యేగారు సభలో రోడ్ల గురించి, తోటపల్లి నీళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చును గాని, ఫలానా జడ్జిగారి తీర్పు బాగుండలేదు, ఆయనను మార్చండి అనకూడదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ అధ్యక్షుడు పేరు పంపితే సెనేటు సభ్యులు ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు, ఆ తరువాత ఓటు వేస్తారు. మన చండీగఢ్‌లో పుట్టి అక్కడికి వెళ్లిన శ్రీ శ్రీనివాసన్ గారిని 2013 మే నెలలో వాషింగ్టనులోని అప్పీలు కోర్టుకు 97 ఓట్లతో ఖాయం చేశారు. వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా పడలేదు. ఆ పద్ధతి మనకెందుకు లేదు? మన పెద్దలకు అది తెలియక కాదు. 1949 మే 24న రాజ్యాంగ సభలో ఈ సంగతి చర్చకు వచ్చింది. నియామకాలకు చట్టసభ ఆమోదం ఉండాలని కొందరు సభ్యులు కోరారు. డాక్టర్ అంబేద్కర్ గారు లేచి, అది చాలా జంజాటమైన పద్ధతి అనీ, రాజకీయ ఒత్తిళ్లకు తలుపు తీస్తుందనీ చెప్పారు. అలాగని ప్రభుత్వం ఇష్టానికే వదలడమూ ప్రమాదమే అన్నారు. ప్రధాన న్యాయమూర్తి ఒక్కరి చేతిలో పెట్టడాన్ని కూడా ఒప్పుకోలేదు, ఆయన కూడా లోపాలున్న మనిషేనని. అందుకే ‘సంప్రదింపు’ అనే మధ్యే మార్గం రాజ్యాంగంలో పెట్టారు.

ఆ మధ్యే మార్గం మంచి రోజులలో బాగానే నడిచింది. చెడ్డ రోజులు వచ్చినప్పుడు దాని బలహీనత బయటపడింది.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ప్రభుత్వాన్ని విమర్శించినవారు వేలాదిగా జైళ్లలో పడ్డారు. ఆ ఖైదీల తరఫున వచ్చిన పిటిషన్లను కొందరు హైకోర్టు న్యాయమూర్తులు ధైర్యంగా విన్నారు. వారికి దొరికిన బహుమానం చూడండి. బొంబాయి హైకోర్టులో యు.ఆర్. లలిత్ గారు అదనపు న్యాయమూర్తి. నిర్బంధంలో ఉన్నవారికి బెయిలు ఇచ్చారు. ఆయనను ఖాయం చేయలేదు. మళ్లీ నల్లకోటు వేసుకొని వకీలుగా బ్రతకవలసి వచ్చింది. (ఆయన కుమారుడు యు.యు. లలిత్ గారు 2022లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.) ఢిల్లీ హైకోర్టులో ఆర్.ఎన్. అగర్వాల్ గారు పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ నిర్బంధం కేసు విన్న ఇద్దరిలో ఒకరు. ఆయననూ ఖాయం చేయక, తిరిగి సెషన్స్ జడ్జిగా కిందికి పంపారు.

ఫ్యాక్టరీలో పర్మనెంటు కానివాని భయం నల్లకోటు కింద కూడా ఉంటుందన్నమాట. రెండేళ్ల గడువుమీద కూర్చున్న మనిషి ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు రాయవలసి వచ్చినప్పుడు, ఆ కలము ఎంత బరువుగా ఉంటుందో ఊహించండి. పైగా ఆ గదిలో ఓడిపోయేది జడ్జిగారు ఒక్కరే కాదు. బయట వరండాలో దరఖాస్తు పట్టుకొని నిలుచున్న రైతు, కూలి, విధవరాలు కూడా ఓడిపోతారు.

శాశ్వత న్యాయమూర్తులనైనా వదిలారా అంటే, లేదు. వారిని తీసివేయలేరు గనుక బదిలీ చేశారు. 1976లో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులు ఒక్కసారిగా రాష్ట్రాలు దాటారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఓబుల్ రెడ్డి గారిని గుజరాతుకు పంపి, అక్కడి బి.జె. దివాన్ గారిని హైదరాబాదుకు తెచ్చారు. గుజరాతు నుండే సంకల్‌చంద్ సేఠ్ గారు కూడా మన హైకోర్టుకు బదిలీ అయ్యారు. ఆయన కోపగించుకొని ఊరుకోలేదు. నా సమ్మతి లేకుండా నన్నెలా పంపుతారని తానే కోర్టుకెక్కారు. ఒక హైకోర్టు జడ్జి ఫిర్యాదిగా నిలబడిన ఆ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1977లో తీర్పు అయింది. ఆ లోగా ప్రభుత్వం మారింది, బదిలీ అయినవారికి తిరిగి వచ్చే దారి ఏర్పడింది.

ఆ 16 మందిలో మన తెలుగువాడు ఒకరిని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఆయనే జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు. 1922 సెప్టెంబరు 25న పుట్టారు. 1967లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1976లో ఆయనను పంజాబ్ - హర్యానా హైకోర్టుకు పంపారు. హైదరాబాదులో స్థిరపడిన కుటుంబానికి చండీగఢ్ చలి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! ఏడాది తిరిగేసరికి వెనక్కి వచ్చారు. 1978 జూలైలో సుప్రీం కోర్టుకు వెళ్లి, 1987 సెప్టెంబరు వరకు అక్కడ ఉన్నారు. కూలివాడు, గుమాస్తా, పేవ్‌మెంటు మీద నిద్రపోయేవాడు కోర్టులో తన మాట చెప్పుకోగలిగిన సంవత్సరాలవి. ఢిల్లీ పోలీసు శాఖలో ఒక డ్రైవరు కానిస్టేబులు, ‘వేరే శాఖల డ్రైవర్లు నడిపేదీ జీపే, నేను నడిపేదీ జీపే, నా జీతం తక్కువెందుకు?’ అని అడిగితే, సమాన పనికి సమాన వేతనం అన్నది కేవలం నీతిమాట కాదు, రాజ్యాంగం నుండి రాబట్టగల హక్కు అని 1982లో తీర్పు రాసినది చిన్నప్పరెడ్డి గారే.

కాని మన క్రైస్తవ కుటుంబాలవారు తప్పక తెలుసుకోవలసిన తీర్పు 1986 నాటిది.

కేరళలో ఒక కుటుంబం. యెహోవా సాక్షులు అనే శాఖవారు. వారి బోధతో మన సంఘాలకు పొత్తు కుదరదు, ఆ విషయం మనకూ తెలుసు, వారికీ తెలుసు. ఆ ఇంటి పిల్లలు ముగ్గురు ఒకే బడిలో 10, 9, 5 తరగతులు చదువుతున్నారు. ప్రతి ఉదయం ప్రార్థన సమావేశంలో జాతీయ గీతం పాడేటప్పుడు ముగ్గురూ నిటారుగా, మర్యాదగా నిలబడేవారు. పాడేవారు కాదు. దేవునికి చేసే ప్రార్థనలో తప్ప వేరే ఏ క్రతువులోనూ పాలుపంచుకొనరాదన్నది వారి విశ్వాసము. ఏళ్ల తరబడి అలాగే జరిగింది, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడు అది గమనించి అసెంబ్లీలో ప్రశ్న వేశారు. ఇదేమి దేశభక్తి అని. విచారణకు ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం, పిల్లలు బుద్ధిమంతులేననీ, జాతీయ గీతాన్ని అవమానించలేదనీ నివేదించింది. అయినప్పటికీ పై అధికారుల ఆదేశంతో జూలై 26న ప్రధానోపాధ్యాయురాలు ముగ్గురినీ బడి నుండి పంపివేశారు.

తండ్రి బ్రతిమాలాడు. లాభం లేకపోయింది. కేరళ హైకోర్టు కూడా వారి మొర వినలేదు. అప్పుడు కేసు సుప్రీం కోర్టులో చిన్నప్పరెడ్డి, ఎం.ఎం. దత్ గార్ల ముందుకు వచ్చింది.

చిన్నప్పరెడ్డి గారు అడిగిన ప్రశ్నలు మన ఊరి పెద్దమనిషి అడిగినట్లు తేటగా ఉన్నాయి. జాతీయ గీతం తప్పక పాడాలని ఏ చట్టం చెబుతున్నది? ఏ చట్టమూ చెప్పడం లేదు. ఇతరులు పాడుతుంటే ఆటంకపరచడం, సభను చెదరగొట్టడం నేరమని 1971 నాటి చట్టం చెబుతున్నది. ఈ పిల్లలు ఆటంకపరచారా? లేదు, లేచి నిలబడ్డారు. నిలబడడం గౌరవమే కదా! విద్యాశాఖ సర్క్యులర్లు ఉన్నాయన్నారు. సర్క్యులరు చట్టం కాదు. వారి నమ్మకం మనకు వింతగా తోచవచ్చును. తోచినంత మాత్రాన అది నమ్మకం కాకుండా పోదు. అది వారు మనస్ఫూర్తిగా నమ్మినదేనా అన్నదే కోర్టు చూడవలసినది. 1986 ఆగస్టు 11న తీర్పు చెప్పి పిల్లలను తిరిగి చేర్చుకొనమన్నారు. సహనం మన సంప్రదాయంలోను, మన తత్వంలోను, మన రాజ్యాంగంలోను ఉన్నదనీ దానిని పలుచన చేయవద్దనీ ఆ తీర్పు ముగింపులో రాశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటే ఇప్పటికీ లా విద్యార్థులందరూ చదువుతారు. మన పెద్దాయన మనవరాలు కూడా చదివింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ కేసులో చట్టసభ ఒక పక్కన ఉన్నది, అధికారులు అదే పక్కన ఉన్నారు, ఊరి అభిప్రాయం కూడా బహుశా అటే ఉండి ఉంటుంది. పిల్లల పక్కన ఉన్నది తండ్రి ఒక్కడు. ఆ న్యాయమూర్తుల ఉద్యోగం అసెంబ్లీ ఓట్ల మీద ఆధారపడి ఉంటే తీర్పు అలా వచ్చి ఉండేదా? నాకు అనుమానమే.

అలాగని కథ అక్కడితో అయిపోలేదు. అత్యవసర పరిస్థితి పోయినా అదనపు న్యాయమూర్తుల మెడ మీద కత్తి పోలేదు. 1981 మార్చిలో కేంద్ర న్యాయశాఖ మంత్రి రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక సర్క్యులరు పంపారు. మీ హైకోర్టులోని అదనపు న్యాయమూర్తులు వేరే రాష్ట్రంలో శాశ్వత న్యాయమూర్తులుగా వెళ్లడానికి సమ్మతిస్తారేమో అడిగి రాయించుకొనండి అని. ఆ మంత్రి ఎవరో కాదు, మన పి. శివశంకర్ గారు. 1974-75లో తానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా కూర్చున్నవారు! ప్రతి హైకోర్టులో మూడవ వంతు మంది బయటి రాష్ట్రాలవారుండాలన్నది ఉద్దేశమని చెప్పారు. ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని రేపో మాపో ఖాయం కావలసిన మనిషిని పట్టుకొని ‘సమ్మతమా?’ అని అడిగితే, అది అడగడమా, బెదిరించడమా? దేశమంతటా న్యాయవాదులు కోర్టుకెక్కారు. ఢిల్లీ హైకోర్టులో ఎస్.ఎన్. కుమార్ అనే అదనపు న్యాయమూర్తికి పొడిగింపు ఇవ్వకపోవడం కూడా ఆ కేసులో చేరింది. 1981 డిసెంబరు 30న సుప్రీం కోర్టు, నియామకాలలో చివరి మాట ప్రభుత్వానిదేనని చెప్పింది.

పన్నెండేళ్లు గడిచాయి. 1993 అక్టోబరు 6న అదే కోర్టు ఆ మాట తిరగవేసింది. చివరి మాట న్యాయమూర్తులదే, అదీ ఒక్క ప్రధాన న్యాయమూర్తిది కాదు, ఆయనతోపాటు సీనియర్ న్యాయమూర్తులది అన్నది. దీనినే కొలీజియం అంటున్నారు. ప్రభుత్వం చేతిలోని కత్తి పోయింది. అయితే జడ్జీలను జడ్జీలే ఎన్నుకుంటే అడిగేవాడెవడు అన్న కొత్త ప్రశ్న పుట్టింది.

ఆ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో మరొక తెలుగువాడున్నారు. జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు. కృష్ణా జిల్లా పెదముత్తేవి గ్రామంలో 1953లో పుట్టారు. మన విశాఖపట్నంలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివారు. 1997లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అదనపు న్యాయమూర్తి అయ్యారు. 1999లో శాశ్వతం అయ్యారు, అంటే ఈ ‘పర్మనెంటు’ దారి ఆయన నడిచి వచ్చినదే. గువాహటి, కేరళ హైకోర్టులలో ప్రధాన న్యాయమూర్తిగా చేసి 2011లో సుప్రీం కోర్టుకు చేరారు.

2014 ఆగస్టులో పార్లమెంటు ఒక రాజ్యాంగ సవరణ చేసింది. ముగ్గురు న్యాయమూర్తులు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు కలిసి ఆరుగురి జాతీయ కమిషన్ న్యాయమూర్తులను ఎంపిక చేయాలని. ఏ విషయంలోనూ కలవని పార్టీలు ఆ రోజు కలిసి ఓటు వేశాయి. సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాయి. పెద్దాయన అన్న ‘చేతులెత్తడం’ మన దేశంలో ఈ వ్యవహారానికి అతి దగ్గరగా వచ్చినది అప్పుడే. న్యాయమూర్తి ఒక్కొక్కరికీ కాదు గాని, వారిని ఎంచే పద్ధతికి చేతులెత్తారు. 2015 అక్టోబరు 16న సుప్రీం కోర్టులో అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆ సవరణ చెల్లదన్నారు. మంత్రి కూర్చున్న బల్ల దగ్గర న్యాయ స్వాతంత్ర్యం నిలవదని. ఒక్కరు మాత్రం, చెల్లుతుంది అని విడిగా రాశారు. ఆయనే చలమేశ్వర్ గారు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వాన్ని పూర్తిగా బయట ఉంచడం సరి కాదనీ, తలుపులు మూసుకొని జరిగే ఎంపికలో ఏమి జరుగుతున్నదో ఎవరికీ తెలియదనీ ఆయన బాధ. తాను కూర్చున్న గది గురించి తానే అలా రాయడానికి మనస్సు గట్టిదై ఉండాలి.

ఇద్దరిలో ఎవరి మాట నిజమో నేను తేల్చలేను. చిన్నప్పరెడ్డి గారి బదిలీ తలచుకుంటే నలుగురి మాట సబబుగా తోస్తుంది. చలమేశ్వర్ గారు రాసినది చదివితే, అదీ నిజమే కదా అనిపిస్తుంది. మోషే ఉదయం నుండి సాయంకాలం దాకా ఒంటరిగా తీర్పులు తీర్చుతుంటే, మామ యిత్రో వచ్చి, లంచగొండులు కాని సమర్థులను ఏర్పరచుకొనమని సలహా చెప్పిన సంగతి నిర్గమకాండంలో చదువుతాము. ఎటువంటివారు కావాలో యిత్రో చెప్పాడు. వారిని పట్టుకోవడం ఎలాగన్నదే ప్రతి తరానికీ తలనొప్పి అయింది.

ఇంత కష్టపడి నియమించినవారిని తొలగించడం ఇంకా కష్టం. అది మాత్రం చట్టసభ పనే, అదీ పార్లమెంటుది. ఉభయ సభలలోను మొత్తం సభ్యులలో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 2011 ఆగస్టులో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్ గారి విషయంలో రాజ్యసభ ఓటు వేసింది. లోక్‌సభ వంతు రాకముందే ఆయన రాజీనామా ఇచ్చారు.

మన ఉత్తరాంధ్రవారు ఈ దారిలో ఎవరైనా ఉన్నారా అని మీరడుగుతారు. ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కె. పున్నయ్య గారు దళిత కుటుంబంలో పుట్టి, న్యాయవాదియై, శాసనసభ్యుడై, తరువాత హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. చట్టం చేసే సభలోను, చట్టం చెప్పే పీఠంమీదను కూర్చున్న మనిషి. విరమణ తరువాత దళితులు, గిరిజనులపై జరిగే అంటరానితనాన్ని, అత్యాచారాలను విచారించే కమిషనుకు బాధ్యత వహించారు. టీ దుకాణంలో వేరే గ్లాసు సంగతి పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన మనిషి కాదాయన.

మన తాతల కాలంలో హైకోర్టు అంటే మద్రాసు. రైలెక్కి ఒక రాత్రీ పగలూ పోవాలి. 1954 జూలైలో గుంటూరుకు వచ్చింది, కోకా సుబ్బారావు గారు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా. 1956లో హైదరాబాదుకు వెళ్లింది. 2019 జనవరి 1 నుండి అమరావతిలో ఉన్నది. అక్కడ మంజూరైన న్యాయమూర్తుల పదవులు 37.

ఈ సంగతులన్నీ మరుసటి ఆదివారం పెద్దాయనకు క్లుప్తంగా చెప్పాను. బడి పిల్లల కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. తరువాత, “మా పిల్ల లా అయిపోయినాక ఎన్నాళ్లకు జడ్జీ అవుతాది బాబూ?” అన్నారు. కనీసం పదేళ్లు హైకోర్టులో వకీలుగా చేయాలి తాతా, అవుతుందన్న పూచీ కూడా లేదు, ఆ పైన రెండేళ్లు అదనపు జడ్జి, ఆ తరువాతే పర్మనెంటు అన్నాను. ఆయన వేళ్లు మడుస్తూ తన వయస్సుకు పన్నెండు కలుపుకున్నారు. రెండు చేతుల వేళ్లూ చాలలేదు. పక్కనే నిలుచున్న మనవరాలు నవ్వుతూ, “ముందు ఈ సెమిస్టరు పాసవనీ తాతా” అన్నది.